ఎవరిని అడిగాం? దేనితో పోల్చాం?

పీజీ ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ, పీహెచ్‌డీ థీసిస్‌ల్లోనూ మూడో అధ్యాయం ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. "పరిశోధన ప్రణాళిక" అని లావుపాటి అక్షరాల్లో శీర్షిక. దాని కింద "మండవల్లి మండలంలోని నాలుగు గ్రామాల నుంచి గ్రామానికి ముప్పై మంది చొప్పున 120 మంది చేపల రైతులను యాదృచ్ఛికంగా ఎంపిక చేయడమైనది" అనే తరహా వాక్యం. ఆ వెంటనే ప్రశ్నావళి, శాతాల పట్టికలు, రంగురంగుల పటాలు. మండలం మారుతుంది, అంకె మారుతుంది, అచ్చు మాత్రం మారదు. ఆ వాక్యంలో తప్పు లేదు. కాకపోతే అది చెప్పింది శాంపిల్ ప్రణాళిక. శీర్షికలో మాట ఇచ్చిన పరిశోధన ప్రణాళిక అధ్యాయమంతా గాలించినా దొరకదు.

ఈ రెండింటికీ తేడా ఏమిటో పరీక్షలో అడిగితే అందరూ రాస్తారు. పనిలోకి దిగాకే మరిచిపోతారు. ఎవరి గురించి మాట్లాడదలచుకున్నామో ఆ మొత్తంలోంచి ఎవర్ని, ఎందర్ని, ఏ పద్ధతిలో ఎంచుకుంటాం అన్నది శాంపిల్ ప్రణాళిక. పరిశోధన ప్రణాళిక దానికంటే ముందు తేలాల్సింది, దానికంటే పెద్దది కూడా. ప్రశ్నకు జవాబు రావాలంటే దేన్ని దేనితో పోల్చాలి, మనమే ఏదైనా మార్చి చూడాలా లేక జరుగుతున్నదాన్ని గమనిస్తే చాలా, ఒక్కసారి కొలవాలా ఏళ్ల తరబడి వెంబడించాలా, మిగతా కారణాల అనుమానాన్ని ఎలా తీర్చుకోవాలి అన్నవన్నీ అందులోకి వస్తాయి. శాంపిల్ ఎంపిక ఆ పెద్ద పనిలో ఒక భాగం.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండంతా ఒకేలా కలిసి ఉడికితే ఆ మాట నిజమే, శాంపిల్ శాస్త్రం నిలబడ్డదీ దాని మీదే. కానీ అన్నం చిమిడిపోతే, నీళ్లెక్కువయ్యా, బియ్యం కొత్తవయ్యా అన్నది మెతుకు చెప్పదు. కుండలోని మెతుకులన్నీ పట్టి చూసినా చెప్పవు. అదే బియ్యం తక్కువ నీళ్లతో పక్క పొయ్యి మీద ఇంకో కుండలో పెట్టి ఉంటేనే తెలుస్తుంది. మెతుకుల ఎంపిక శాంపిల్ ప్రణాళిక, రెండో కుండ పరిశోధన ప్రణాళిక. కొల్లేటి సరస్సు చుట్టూ జరిగిన, జరుగుతున్న పరిశీలనల్ని వరసగా చూస్తే ఈ తేడా ఎక్కడ ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

కొల్లేరంటే ఎక్కడి దాకా?

కొల్లేటి నీటిలో కాలుష్యం ఎంత? ఈ ప్రశ్నకు కారణాల గొడవ లేదు, పోలిక కూడా అక్కర్లేదు, ఉన్నదెంతో చెబితే చాలు. ఇలాంటి చోట భారమంతా శాంపిల్ మీదే పడుతుంది. అసలు చిక్కు సీసాలో నీళ్లు పట్టడానికి ముందే మొదలవుతుంది. 1999లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే ఉంచమంది. రాజకీయంగా ఇది భూమి తగాదా. పరిశోధకుడికి మాత్రం ఇది "దేని గురించి మాట్లాడుతున్నాను" అన్న ప్రశ్న. ఏ గీత దాకా సరస్సు అనుకుంటే ఆ గీత లోపలి నీళ్లకే అతని సగటు వర్తిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే చోట పట్టిన నీళ్లూ, ఉప్పుటేరు మొదట్లో పట్టిన నీళ్లూ ఒకటి కావు. రోడ్డు వంతెనల దగ్గర, పడవ రేవుల దగ్గర సులువుగా అందిన చోటల్లా సీసా నింపుకొస్తే, అది కొల్లేటి సగటు కాదు, రేవుల సగటు.

చోటుతో పాటు కాలం కూడా శాంపిలే. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. వలస పక్షులు దిగే కాలం కాబట్టి ఆ నెలను ఎంచుకోవడంలో అర్థముంది. అదే లెక్కను మే నెలలో వేస్తే వలస పక్షులు మాయమైపోయినట్టు కనిపిస్తుంది. ఇళ్ల సర్వేకీ ఇదే బెడద. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేట్లోకి దిగినప్పుడు లంక గ్రామాల రోడ్లు మునిగాయి. అలాంటి వారంలో సర్వేకి బయల్దేరినవాడు ఎండిన రోడ్డున్న ఊళ్లతోనే కాగితాలు నింపుకొస్తాడు. ఎవరి కష్టాన్ని కొలవాలని బయల్దేరాడో వాళ్లే లెక్కలో ఉండరు.

ఉన్నదెంతో చెప్పడంలో మన దేశంలో బాగా స్థిరపడ్డ పద్ధతి పంట కోత ప్రయోగం. ఊరు, సర్వే నంబరు, మడి అన్నీ లాటరీ పద్ధతిలో తేలతాయి. మడిలో ఏ మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి నడవాలో కూడా యాదృచ్ఛిక అంకెలే చెబుతాయి. వరికి సాధారణంగా ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున చతురస్రం గీసి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ చతురస్రం ఎంత ఉండాలన్న దాని మీద 1940లలో గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్‌కూ సుఖాత్మేకూ గట్టి వాదమే నడిచింది. చిన్న ముక్క కోస్తే గీత మీద నిలబడ్డ దుబ్బుల్ని కూడా లోపలికి లాగేస్తాం, దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుందని సుఖాత్మే పక్షం. ఇంత జాగ్రత్తతో వచ్చిన అంకె దిగుబడి ఎంతో చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు, చెబుతానని అది మాట ఇవ్వనూ లేదు. ఆ అంకెను పట్టుకుని "ఫలానా రకం విత్తనం వల్లే తగ్గింది" అని ఎవరైనా అంటే, ఆ ప్రయోగం మోయలేని బరువును దాని నెత్తిన పెడుతున్నట్టే.

"ఎంత?" అన్న ప్రశ్నలో శాంపిల్ తప్పితే ఇక దిక్కుండదు. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల్ని నమ్ముకుని కార్డులు పంపింది, తిరిగి పంపినవాళ్లు కూడా ఒక తరహా వాళ్లే. రూజ్‌వెల్ట్ మీద లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

ముందు, తర్వాత, పక్కన

ప్రశ్న "ఎందుకు?" వైపు తిరగగానే కథ మారుతుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచారు. తర్వాత పక్షులు పెరిగాయా? పెరిగితే గట్లు తెంచడం వల్లేనా? తెంచకముందు లెక్కనూ, తెంచిన తర్వాత లెక్కనూ పక్కపక్కన పెట్టడం చాలామంది చేసే పని. కానీ ఆ మధ్యలో వానలు మారాయి, ఎగువ నుంచి వచ్చే నీళ్లు మారాయి, చుట్టుపక్కల చెరువులు మారాయి. గట్లు తెంచని మరో నీటిపట్టును కూడా అదే ఏళ్లలో, అదే పద్ధతిలో లెక్కపెట్టి ఉంటే రెండింటి మధ్య తేడాను చూసి ఏదైనా చెప్పవచ్చు. జీవావరణ శాస్త్రంలో ముందు, తర్వాత, ఇక్కడ, పక్కన అనే నాలుగు గళ్ల పోలిక స్థిరపడ్డది ఇందుకే. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల్ని ఒక్కటి కూడా వదలకుండా లెక్కపెట్టినా, రెండో చోటు లేకపోతే ఆ రెండు గళ్లు ఖాళీగానే మిగిలిపోతాయి. ఇక్కడ శాంపిల్‌లో లోపమేమీ లేదు, అసలు శాంపిలే లేదు, అన్నిటినీ లెక్కపెట్టారు. లోపం పోలికలో ఉంది.

ముందు, తర్వాత పోలికలో ఇంకో గుంట కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండవల్లి, కైకలూరు, ముదినేపల్లి, కలిదిండి మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చాయి. 2021 కృష్ణా జిల్లా చేపల ఉత్పత్తిని 2023 అంకెతో పోల్చి కూర్చుంటే చెరువులన్నీ ఒక్కసారిగా ఎండిపోయినట్టు అనిపిస్తుంది. చెరువులు ఉన్నచోటే ఉన్నాయి, జిల్లా గీతే జరిగింది.

ఏలూరు, 2020 డిసెంబరు

డిసెంబరు 5 నుంచి ఏలూరు వన్ టౌన్ పేటల్లో మనుషులు ఉన్నట్టుండి కింద పడిపోవడం మొదలైంది. ఫిట్స్, నోట నురగ, కాసేపు మతి లేకపోవడం, తర్వాత తేరుకోవడం. వారం పది రోజుల్లో 600 మందికి పైగా ఆస్పత్రికి వచ్చారు. ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, పుణెలోని వైరాలజీ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రంగంలోకి దిగారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షలు చెప్పాయి. పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపింది. పత్రికల్లో రోజుకో కారణం, రోజుకో అంకె.

ఆ రోజుల్లో వార్తలు చదివిన మనకు ఎన్ని శాంపిళ్లు తీశారన్నదే పెద్ద విషయంగా కనిపించింది. ముందు అడగాల్సిన ప్రశ్న వేరు. ఫిట్స్ రాని పక్కింటివాళ్ల రక్తంలో సీసం ఎంత ఉంది? ఒకే పేటలో, ఒకే వయసులో, అదే కుళాయి నీళ్లు తాగి, అదే బజారు కూరగాయలు తిని, జబ్బు పడనివాళ్ల రక్తంలో కూడా అంతే ఉంటే సీసం నేరం రుజువు కానట్టే. వాళ్లలో బాగా తక్కువుంటేనే అనుమానం బలపడుతుంది. రోగులను, రోగం లేనివాళ్లను ఇలా ఎదురెదురుగా నిలబెట్టే పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ 1950లో డాల్, హిల్ లండన్ ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం. 709 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు, ఆ క్యాన్సర్ లేని 709 మంది రోగులను జతచేసి పొగతాగే అలవాటును పోల్చారు. పొగాకు మీద కేసు అక్కడ బిగిసింది.

శాంపిల్ ప్రణాళిక ఇక్కడ రెండో మెట్టులో వస్తుంది. జబ్బు లేనివాళ్లను ఎక్కణ్నుంచి తేవాలి? వేరే జబ్బుతో అదే ఆస్పత్రిలో చేరినవాళ్లలోంచా, రోగి ఇంటి పక్క ఇంట్లోంచా, వేరే పేట నుంచా? పక్కింటివాళ్లను తెస్తే వాళ్ల నీళ్లూ అవే కాబట్టి నీళ్ల తప్పు కనిపించదు. దూరపు పేట నుంచి తెస్తే నీళ్లతో పాటు ఇంకా పది సంగతులు తేడాగా ఉంటాయి. ఎవరితో పోల్చాలన్నది ప్రశ్నను బట్టి తేలాలి. ఎంతమందిని తేవాలన్న లెక్క ఆ తర్వాతి సంగతి.

చెరువు ఒకటి, చేపలు వేలు

రెండు ప్రణాళికలూ ముడిపడే చోటు మండవల్లి చుట్టూ ఏ గట్టు మీద నిలబడ్డా కనిపిస్తుంది. ఒక రైతుకి రెండు చెరువులున్నాయి. ఒకదానికి తవుడు, చెక్క వేస్తున్నాడు. రెండోదానికి కంపెనీ తేలే మేత వేసి చూడాలనుకున్నాడు. ఆరు నెలల తర్వాత ఒక్కో చెరువులో 200 శీలావతుల్ని తూకం వేస్తే రెండో చెరువు చేప సగటున బరువుగా ఉంది. 400 చేపల లెక్క కాబట్టి నమ్మకంగా చెప్పవచ్చు అనిపిస్తుంది. కానీ మేత వేసింది చేపకు కాదు, చెరువుకు. పోలికలో నిలిచినవి 400 చేపలు కావు, రెండే రెండు చెరువులు. రెండో చెరువు లోతు ఎక్కువ కావచ్చు, అడుగు మట్టి కొత్తది కావచ్చు, పిల్ల కాస్త పెద్ద సైజులో వేసి ఉండవచ్చు. 4,000 చేపల్ని తూచినా ఆ అనుమానాల్లో ఒక్కటీ పోదు. ఒకే చెరువు చేపల్ని వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కగట్టే ఈ పొరపాటు జీవావరణ పరిశోధనల్లో ఎంత విస్తారంగా ఉందో 1984లో హర్ల్‌బర్ట్ అనే శాస్త్రవేత్త లెక్కతీసి చూపాడు. దీనికి మందు ఎక్కువ చేపలు కాదు, ఎక్కువ చెరువులు. ఏ చెరువుకు ఏ మేత అన్నది కూడా రైతు ఇష్టం మీద కాకుండా చీటీ తీసి తేల్చాలి.

ఇక శాంపిల్ వైపు. కొల్లేటి పరిసరాల్లో తవుడును చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టి వేలాడదీస్తారు. చేపలు సంచుల చుట్టూ చేరి చిల్లుల్లోంచి తింటాయి. విసురు వల సంచుల దగ్గర వేస్తే చురుగ్గా తినే చేపే వలలో పడుతుంది. నీరసించిన చేప, జబ్బు చేప అక్కడికి రావు. రెండు చెరువుల్లోనూ సంచుల దగ్గరే వల వేస్తే పోలికకు పెద్ద హాని లేకపోవచ్చు. ఒకదానికి తేలే మేత కాబట్టి అక్కడ సంచులే లేవు, వల ఎక్కడో వేశారు. ఇప్పుడు తేడా మేత వల్ల వచ్చిందా, వల వేసిన చోటు వల్ల వచ్చిందా? శాంపిల్‌లోని లోపం పోలిక లోపలికి పాకడమంటే ఇదే.

ఇలాంటి ప్రయోగాల్ని తక్కువ చెరువులతో నడిపే దారి చూపినవాళ్లలో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఒకరు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్న నూజివీడులో కొంతకాలం చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరిన మనిషి. లంబ శ్రేణుల మీద ఆయన 1947లో ప్రచురించిన పని పరిశోధన ప్రణాళికలకు కొత్త పరికరం ఇచ్చింది. మేత రకం, పిల్లల సంఖ్య, ఎరువు అనే మూడు విషయాలు ఒక్కోటి రెండు రకాలుగా ఉంటే కలయికలు ఎనిమిది. లంబ శ్రేణి ప్రకారం వాటిలో నాలుగు కలయికల్ని సరిగ్గా ఎంచుకుంటే చాలు, మూడింటి ముఖ్య ప్రభావాల్నీ విడివిడిగా అంచనా వేయవచ్చు. ఒకదాని ప్రభావం మరోదాని మీద పెద్దగా ఆధారపడదన్న షరతు మాత్రం ఉంది. జపాన్ కర్మాగారాల్లో తగుచి ఈ శ్రేణుల్నే నాణ్యత పెంచడానికి వాడాడు. ఏ చేపను పట్టాలన్న సంగతి ఈ గణితంలో ఎక్కడా రాదు.

ప్రయోగ ప్రణాళిక, శాంపిల్ ఎంపిక అనే ఈ రెండు శాఖలూ పుట్టింది వేర్వేరు చోట్ల. రోథామ్‌స్టెడ్ పొలాల్లో పనిచేసిన ఫిషర్ 1935లో ప్రయోగ ప్రణాళికల పుస్తకం తెచ్చాడు. అంతకు ఏడాది ముందు, 1934లో, నేమన్ శాంపిల్ ఎంపిక మీద తన ప్రసిద్ధ వ్యాసం చదివాడు. మహలనోబిస్ కలకత్తాలో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రెండూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది అక్కడి అనుభవంతోనే.

రెండు లాటరీలు

ఈ రెండూ విడివిడిగా, శుభ్రంగా కనిపించే తెలుగు నేల ఉదాహరణ కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో చేసిన అధ్యయనం. మూడు ప్రాంతాల నుంచి ఐదు జిల్లాలు, జిల్లాకు పది మండలాలు, మండలానికి పది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు, మొత్తం 500 బడులు. పిల్లలు ఎక్కువున్న బడికి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ. ఇంతవరకూ శాంపిల్ ప్రణాళిక. తర్వాత ప్రతి మండలంలోనూ ఆ పది బడులకు రెండో లాటరీ. రెండు బడుల్లో పిల్లల మార్కుల్ని బట్టి ఒక్కో టీచరుకు బోనస్, రెండింటిలో బడి మొత్తానికి కలిపి బోనస్, రెండింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, రెండింటికి ఖర్చులకు నగదు, చివరి రెండింటికి ఏమీ లేదు. ఇది పరిశోధన ప్రణాళిక. రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు ఏమీ ఇవ్వని బడుల పిల్లల కంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు పైనున్నారు. 2011లో వ్యాసం అచ్చయింది.

మొదటి లాటరీని తీసేసి, దగ్గర్లో ఉన్న 500 బడుల్ని పట్టుకున్నారనుకుందాం. బోనస్ పనిచేసిందన్న మాట అప్పటికీ నిలుస్తుంది, కానీ ఆ 500 బడుల వరకే. రెండో లాటరీ తీసేసి, బోనస్ కావాలన్న బడులకే ఇచ్చారనుకుందాం. ఉత్సాహమున్న టీచర్లే ముందుకొస్తారు, అక్కడ మార్కులు ఎలాగూ పెరిగేవేమో. అప్పుడు 500 కాదు, 5,000 బడులున్నా బోనస్ గురించి చెప్పడానికి ఏమీ మిగలదు.

దీనికి తిరగేసిన రూపం యంగ్ లైవ్స్ అధ్యయనం. 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఏడాది వయసున్న దాదాపు 2,000 మందిని, ఎనిమిదేళ్ల వయసున్న దాదాపు 1,000 మందిని ఏళ్ల తరబడి వెంబడించింది. అప్పటి పశ్చిమ గోదావరి కూడా అందులో ఒక జిల్లా. 20 చోట్లను లాటరీ తీసి కాక, పేదరికం, ప్రాంతం చూసి కావాలనే ఎంచుకున్నారు. అందుకే "రాష్ట్రంలో ఇంత శాతం పిల్లలు గిడసబారారు" అనడానికి ఆ అంకె పనికిరాదు, దానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. పసితనంలో గిడసబారిన పిల్ల పన్నెండో ఏట ఎలా చదువుతోందన్న ప్రశ్నకు మాత్రం ఒక్కసారి చేసే పెద్ద సర్వేలు పనికిరావు, ఇదే కావాలి.

384 అనే అంకె

మన థీసిస్‌లలో దేవుడి పటంలా వేలాడే అంకె ఒకటుంది: 384. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టికలో పెద్ద జనాభాకు సరిపడే శాంపిల్ అది. అంత మంది ఉంటే పరిశోధన గట్టిదన్న నమ్మకం పాతుకుపోయింది. ఒక శాతాన్ని ఐదు పాయింట్ల తేడాతో అంచనా వేయడానికి, అందరూ ఉన్న జాబితాలోంచి నేరుగా లాటరీ తీస్తేనే ఆ అంకె వర్తిస్తుంది. ముందు నాలుగు ఊళ్లు ఎంచుకుని, ఆ ఊళ్లలోంచి 384 మందిని తీస్తే వర్తించదు, ఎందుకంటే ఒకే లంకలో చెరువులున్నవాళ్లు చాలా విషయాల్లో ఒకరికొకరు దగ్గరగా ఉంటారు. రెండు గుంపుల్ని పోల్చాలంటే లెక్క వేరు, ఎంత తేడా కోసం వెతుకుతున్నామో దాన్ని బట్టి కట్టాలి. అంటే శాంపిల్ సైజు కూడా పరిశోధన ప్రణాళిక తేలాకే తేలే అంకె. పట్టిక చూసి ముందే రాసుకునేది కాదు.

అన్నిటికీ లాటరీ అక్కర్లేదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వడ్డి మత్స్యకారుల సహకార సంఘం చెరువు బయటివాళ్ల లీజుకు ఎలా వెళ్లింది, సంఘంలో ఎవరు సంతకం పెట్టారు, ఎవరు వద్దన్నారు అని తెలుసుకోవాలంటే ఒక్క లంక గ్రామంలో ఏడాది కూర్చోవడం 384 ప్రశ్నావళుల కంటే మేలు. అక్కడ ఎంపికకు కారణం చెప్పాలి, సంఖ్యకు కాదు. ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నామో, అది ఏ వాదానికి కఠిన పరీక్షో చెప్పగలిగితే చాలు. ఆ పనికి "యాదృచ్ఛికంగా ఎంపిక చేయడమైనది" అని తగిలించడం అబద్ధం చెప్పడమే.

ఇన్ని ఉదాహరణలు చూశాక తేలేది ఒకటే. "ఎంత?" అన్న ప్రశ్నకు ప్రాణం శాంపిల్‌లో ఉంటుంది, "ఎందుకు?" అన్న ప్రశ్నకు పోలికలో. రెండో రకం ప్రశ్నల్లో శాంపిల్ బలహీనమైతే ఫలితం వర్తించే మేర తగ్గుతుంది. పోలిక బలహీనమైతే ఫలితమే ఉండదు. మన థీసిస్‌ల శీర్షికల్లో ఎక్కువ భాగం "ప్రభావం" అన్న మాటతో ముగుస్తాయి, అంటే అవి రెండో రకం. వాటి మూడో అధ్యాయాలు మాత్రం మొదటి రకం ప్రశ్నకు రాసినట్టుంటాయి. ఈ తేడాను దిద్దడానికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు. వైవాలో ఎదురు కూర్చున్న పరీక్షకులు "ఎందర్ని అడిగావమ్మా?" అనేముందు "దేనితో పోల్చావు?" అని అడగడం మొదలుపెడితే చాలు. జవాబు దొరకని విద్యార్థి శీర్షికైనా మార్చుకుంటాడు, ప్రణాళికైనా మార్చుకుంటాడు. రెండూ మంచివే.